విండోస్ పక్కన ఉబుంటు: నోమోడ్‌సెట్ తీస్తే నల్ల తెర, ఉంచితే బ్రైట్‌నెస్ కూడా మారదు

జంటబూట్:

విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండో సిస్టమ్‌గా ఉబుంటు 24.04 వేశాను. ప్రాసెసర్‌తో వచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్, విడిగా ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050, రెండూ ఉన్నాయి. ఇన్‌స్టాల్ అయ్యాక బూట్ చేస్తే గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ తెరవాలో అడిగేది) దాటగానే తెర నల్లబడి అక్కడే ఆగింది. రికవరీ మోడ్‌లోకి వెళ్లి, /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో నోమోడ్‌సెట్ అనే బూట్ ఆప్షన్ చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టాక డెస్క్‌టాప్ వచ్చింది. కానీ ఇలా ఉంది:

సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ ఒక్కటే కనిపిస్తుంది, మార్చడానికి వీల్లేదు. బ్రైట్‌నెస్ కీలు పనిచేయవు. విండో పట్టుకుని జరిపితే ముక్కలు ముక్కలుగా కదులుతుంది, ఫ్యాన్ ఆగదు. హెచ్‌డీఎంఐ మానిటర్ పెడితే దాని ఊసే లేదు.

ఆ తర్వాత అడిషనల్ డ్రైవర్స్‌లో ఎన్విడియా 550 ఎంచుకున్నాను. మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టుకోమంది, పెట్టాను. రీస్టార్ట్‌లో ఒక నీలం తెర వచ్చింది, అదేమిటో తెలియక కంటిన్యూ బూట్ నొక్కాను. ఇప్పుడు కార్డు స్థితి చూపే ఎన్విడియా-ఎస్ఎంఐ కమాండ్ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానని చెబుతోంది. రెండుసార్లు తీసేసి మళ్లీ వేసినా అదే మాట.

తెలుసుకోవాల్సినవి మూడు. ఎన్విడియా సైట్‌లో ఉండే రన్ ఫైల్ దించి వేయాలా? సెక్యూర్ బూట్ (నమ్మే సంతకం ఉన్నవాటినే బూట్‌లో ఎక్కనిచ్చే రక్షణ) ఆపేయాలా? విండోస్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయితే దాని ప్రభావం ఇక్కడ పడుతుందా? విండోస్ వైపు మాత్రం ఏమీ చెడకూడదు.

*

కెర్నల్‌కబుర్లు:

మూడోసారి తీసి వేయకండి. ప్యాకేజీ బాగానే దిగి ఉంటుంది. అది కెర్నల్‌లోకి, అంటే సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రామ్‌లోకి, ఎక్కడం లేదు. ఎందుకు ఎక్కడం లేదో కెర్నల్‌నే అడిగితే ఒక్క వాక్యంలో చెబుతుంది. ఆ వాక్యం చూడకుండా డ్రైవర్లు మార్చుకుంటూ పోతే చివరికి సిస్టమ్‌లో నాలుగు వెర్షన్ల ముక్కలు మిగులుతాయి.

ముందుగా ఒక మాట. ఇక్కడ కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే, గీతలూ ఖాళీలూ ఉన్నవి ఉన్నట్టే. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను.

మీకు జరుగుతున్నది ఇదని నా అంచనా. ఉబుంటుతో ఎన్విడియా కార్డు కోసం వచ్చే డ్రైవర్ పేరు నువో. కొన్ని ల్యాప్‌టాప్ కార్డుల మీద అది బూట్‌లోనే చిక్కుకుపోతుంది. మీరు చూసిన మొదటి నల్ల తెర అదే. నోమోడ్‌సెట్ పెట్టగానే తెర వచ్చింది గానీ, ఆ మాటకు అర్థం "నువోను ఆపు" అని కాదు. తెరను కెర్నల్ స్వయంగా నడిపే పద్ధతినే అది మొత్తంగా ఆపేస్తుంది. నువోతో పాటు ఏ దోషమూ లేని ఇంటెల్ డ్రైవర్ కూడా కూర్చుండిపోతుంది. బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్పగించిన బొమ్మ మీదే డెస్క్‌టాప్ అంతా నడుస్తుంది, గీసే పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. ఒకే రిజల్యూషన్, పనిచేయని బ్రైట్‌నెస్ కీలు, ఆగని ఫ్యాన్, మూడూ దాని లక్షణాలే. వాటికి ఎన్విడియాతో సంబంధం లేదు.

ఇక రెండో సంగతి. ఎన్విడియా ప్యాకేజీ వేయగానే అది నువోను బ్లాక్‌లిస్ట్‌లో పెడుతుంది. ఎన్విడియా మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) కూడా ఏదో కారణంతో ఎక్కకపోతే ఆ కార్డుకు దిక్కంటూ ఉండదు. పాతది వెళ్లిపోయింది, కొత్తది రాలేదు. అయితే దీన్లో మీకు పనికొచ్చేది ఒకటుంది: నువో ఇప్పుడు రాదు కాబట్టి, నోమోడ్‌సెట్ పెట్టాల్సిన అవసరమూ తీరిపోయింది.

టెర్మినల్‌లో ఈ నాలుగూ కొట్టి, వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టండి:

క్యాట్ /ప్రోక్/సీఎమ్‌డీలైన్
ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే
మోకుటిల్ --ఎస్‌బీ-స్టేట్
సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా

మొదటిది కెర్నల్‌కు ఏయే ఆప్షన్లు అందాయో చూపిస్తుంది. రెండోదాంట్లో వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్, 3డీ కంట్రోలర్ అనే వరుసలు వెతకండి. ఒక్కోదాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరుస ఉందా లేదా అన్నదే ముఖ్యం. దాని కింద ఉండే "కెర్నల్ మాడ్యూల్స్" వరుసను చూసి డ్రైవర్ పనిచేస్తోందని అనుకునేవాళ్లు చాలామంది. అది ఆ కార్డుకు సరిపోయే మాడ్యూళ్ల జాబితా మాత్రమే, నడుస్తున్నది కాదు.

అసలు సమాధానం నాలుగోదాని దగ్గర దొరుకుతుంది. ఏమీ అనకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే మాడ్యూల్ ఎక్కినట్టే. ఎక్కకపోతే సాధారణంగా వచ్చే మాటలు మూడు.

"కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంటే మాడ్యూల్ తయారైంది, దాని మీది సంతకాన్ని సెక్యూర్ బూట్ ఒప్పుకోలేదు.

"మాడ్యూల్ ఎన్విడియా నాట్ ఫౌండ్ ఇన్ డైరెక్టరీ" అని, పక్కన కెర్నల్ వెర్షన్ చూపిస్తే, ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌కు మాడ్యూల్ తయారవలేదు. కెర్నల్ హెడర్స్ లేకపోవడమే ఎక్కువసార్లు కారణం. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-$(యూనేమ్ -ఆర్) వేసి, సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టాలి. ఒక్కో కెర్నల్‌కు మాడ్యూల్ కట్టిపెట్టేది ఈ డీకేఎంఎస్. నెలల తరబడి బాగా నడిచి, ఒక అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా తెర పోయిందనే వాళ్లందరూ ముందు చూడాల్సింది ఇదే. అప్పటిదాకా గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో పని కానివ్వచ్చు.

"నో సచ్ డివైస్" అంటే మాడ్యూల్ బాగానే ఉంది, దానికి తగిన కార్డు దొరకలేదు. కార్డును ఫర్మ్‌వేర్ ఆపేసి ఉండాలి, లేదా ఆ డ్రైవర్ వరుస మీ కార్డును వదిలేసి ఉండాలి. ఉదాహరణకు పాత తరాలైన కెప్లర్ కార్డులకు 470 చివరి వరుస, ఫెర్మీకి 390. ఆర్‌టీఎక్స్ 3050కి 550 సరిపోతుంది, కాబట్టి మీకు ఈ రెండో కారణం వర్తించదు.

రన్ ఫైల్ వద్దు. అది ఉబుంటు ప్యాకేజీలను చూసుకునే ఆప్ట్‌కు తెలియకుండా లైబ్రరీలను సిస్టమ్ ఫోల్డర్లలో పెట్టేస్తుంది. తర్వాత ఆప్ట్ వాటి మీద తన ఫైళ్లు పెడితే ఏది ఎవరిదో తేల్చడం కష్టం. ఇప్పటికే ఎవరైనా వేసి ఉంటే సుడో ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్‌తో తీసేశాకే ఆప్ట్ ప్యాకేజీ జోలికి వెళ్లాలి. ఈ వరుస తప్పకూడదు.

*

జంటబూట్:

వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఫలితాలు ఇవి.

సీఎమ్‌డీలైన్ చివర: క్వయట్ స్ప్లాష్ నోమోడ్‌సెట్

ఎల్‌ఎస్‌పీసీఐలో ఇంటెల్, ఎన్విడియా రెండూ వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్ అనే కనిపిస్తున్నాయి. ఇంటెల్ 00:02.0, ఎన్విడియా 01:00.0. రెండింటి కిందా "కెర్నల్ మాడ్యూల్స్" ఉంది, "డ్రైవర్ ఇన్ యూజ్" ఒక్కదాని కింద కూడా లేదు.

మోకుటిల్: సెక్యూర్‌బూట్ ఎనేబుల్డ్

మోడ్‌ప్రోబ్: కుడ్ నాట్ ఇన్సర్ట్ ఎన్విడియా, కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్

సెక్యూర్ బూట్ ఆపేస్తే ఒక్క దెబ్బకు తేలిపోతుందేమో కదండీ?

*

తాళంచెవి:

ఆపేస్తే మాడ్యూల్ ఎక్కుతుంది, నిజమే. కానీ విండోస్ ఉన్న మెషీన్‌లో ముందు ఒకటి చూసుకోవాలి. విండోస్ డ్రైవ్‌కు బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ స్థితి మారిన వెంటనే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే ఆ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉండవచ్చు, వాడేవాళ్లకు తెలియకపోవచ్చు. కీ చేతిలో లేకుండా ఫర్మ్‌వేర్ సెట్టింగ్ మార్చడం ప్రమాదం. సెక్యూర్ బూట్ ఉంచుకునే పని జరుగుతుంది, పట్టేది పది నిమిషాలు కూడా కాదు.

మీరు చూసిన నీలం తెర పేరు మోక్ మేనేజర్. మోక్ అంటే మెషీన్ ఓనర్ కీ. ఉబుంటు మీ మెషీన్‌లోనే ఒక కీ తయారుచేసి, డీకేఎంఎస్ తయారుచేసిన ఎన్విడియా మాడ్యూల్ మీద దానితో సంతకం పెడుతుంది. ఆ కీని నమ్మవచ్చని ఫర్మ్‌వేర్‌కు చెప్పాల్సింది మెషీన్ ముందు కూర్చున్న మనిషి. అందుకే అది బూట్ సమయంలో, కీబోర్డు మీదే అడుగుతుంది. మీరు కంటిన్యూ బూట్ నొక్కడంతో ఆ అంగీకారం పడలేదు. ప్యాకేజీ ఎన్నిసార్లు వేసినా సంతకం ఆ కీదే కాబట్టి, తిరస్కారం కూడా అదే.

మళ్లీ అడిగించండి:

సుడో మోకుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/మోక్.డెర్

ఇందులో చివరి ఫైల్ పేరులో మోక్ అనే మూడు అక్షరాలూ పెద్దవి, డెర్ చిన్నవి. దాని ముందున్న ఫోల్డర్ పేరు మోక్ మాత్రం చిన్న అక్షరాలే. ఫైల్ లేదంటే సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --న్యూ-కీ కొట్టి కీ తయారుచేసి, డీకేఎంఎస్‌తో మాడ్యూల్ మళ్లీ కట్టించి, అప్పుడు ఇంపోర్ట్ చేయాలి.

పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. ఇది లాగిన్ పాస్‌వర్డ్ కాదు, తర్వాతి బూట్‌లో ఒకే ఒక్కసారి వాడి వదిలేసేది. మామూలు ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలతో ఎనిమిది పెట్టండి. నీలం తెర మీద కీబోర్డు అమెరికన్ అమరికలో ఉంటుంది. ప్రత్యేక గుర్తులు పెడితే మీ కీబోర్డు అమరిక వేరైనప్పుడు అక్కడ మరో గుర్తు పడుతుంది. పైగా అక్కడ టైప్ చేసింది తెర మీద కనిపించదు, చుక్కలు కూడా రావు.

తర్వాత రీస్టార్ట్. ఇక్కడ కళ్లు తెర మీదే ఉండాలి. గ్రబ్ మెనూ కంటే ముందే నీలం తెర మీద "ఏదైనా కీ నొక్కండి" అనే వరుస వస్తుంది. పక్కన పది నుంచి కిందికి లెక్క నడుస్తుంది. ఆ పది సెకన్లలో నొక్కకపోతే మామూలు బూట్ అయిపోతుంది, ఇంపోర్ట్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కీ నొక్కాక ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యస్, పాస్‌వర్డ్, రీబూట్. ఈ క్రమంలోనే. మొదటి వరుస కంటిన్యూ బూట్, మీరు పోయినసారి నొక్కింది అదే. రెండోది ఎన్‌రోల్ మోక్.

రెండు సిస్టమ్‌లు ఉన్నవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ నీలం తెరను పిలిచేది షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్. ఉబుంటు బూట్ ఎంట్రీ నడిచినప్పుడే అది నడుస్తుంది. మీ ఫర్మ్‌వేర్‌లో విండోస్ బూట్ మేనేజర్ మొదటి స్థానంలో ఉంటే రీస్టార్ట్ నేరుగా విండోస్‌లోకి పోతుంది, నీలం తెర రాదు. కీ చెల్లలేదని కంగారు పడకుండా, బూట్ మెనూ కీతో ఉబుంటును ఎంచుకోండి, వస్తుంది.

అయ్యాక చూసుకోవడానికి మోకుటిల్ --టెస్ట్-కీ పక్కన అదే ఫైల్ దారి ఇవ్వండి. "ఆల్రెడీ ఎన్‌రోల్డ్" అనాలి. ఆపైన సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా నిశ్శబ్దంగా ముగియాలి. ఈ పని ఒక్కసారే. తర్వాతి కెర్నల్ అప్‌డేట్లకు కొత్తగా కట్టే మాడ్యూళ్ల మీద కూడా అదే కీ సంతకం పడుతుంది.

ఇదంతా వద్దనుకుంటే ఉబుంటులో కెనానికల్ సంతకంతో ముందే కట్టి ఉంచిన మాడ్యూళ్ల ప్యాకేజీలు ఉంటాయి, లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా అని మొదలయ్యేవి. వాటికి మోక్ అక్కర్లేదు. సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ కొడితే దొరికినంతవరకు అది వాటినే ఎంచుకుంటుంది. అయితే నడుస్తున్న కెర్నల్ రకానికి సరిపోయేది ఉండాలి. సొంతంగా కట్టుకున్న కెర్నల్ వాడేవాళ్లకు మోక్ దారే.

*

కెర్నల్‌కబుర్లు:

తాళంచెవి గారు చెప్పింది పూర్తయ్యాకే నోమోడ్‌సెట్ తీయండి. తీసేటప్పుడు కూడా ముందు ఫైల్ ముట్టుకోకుండా ఒక్క బూట్‌కు తీసి చూడాలి. గ్రబ్ మెనూలో ఉబుంటు వరుస మీద నిలబడి ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కండి. మెనూ కనిపించకపోతే ఫర్మ్‌వేర్ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి. లినక్స్ అనే పదంతో మొదలయ్యే పొడుగు వరుస చివర నోమోడ్‌సెట్ ఉంటుంది. దాన్ని చెరిపి ఎఫ్10 గానీ కంట్రోల్+ఎక్స్ గానీ కొట్టండి. ఈ మార్పు ఆ బూట్‌కే పరిమితం. చెడితే పవర్ బటన్‌తో ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాత స్థితే.

తెర బాగా వస్తే అప్పుడు ఫైల్లో తీసి సుడో అప్‌డేట్-గ్రబ్. నల్లగా వస్తే కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 నొక్కి చూడండి. అక్షరాల లాగిన్ వచ్చిందంటే కెర్నల్ బతికే ఉంది, చిక్కు డెస్క్‌టాప్ వైపు ఉంది. అది కూడా రాకపోతే ఆ బూట్‌లో ఏం జరిగిందో తర్వాతి బూట్‌లో జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1 చెబుతుంది. చివర్లోని -1 అంటే క్రితం బూట్ అని.

కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. నువో వల్ల తెర పోతే నోమోడ్‌సెట్‌కు బదులు నువో.మోడ్‌సెట్=0 పెట్టి బూట్ చేయండి. ఇంటెల్ గానీ ఏఎండీ గానీ ఉన్న హైబ్రిడ్ ల్యాప్‌టాప్‌లో ప్యానెల్‌ను, అంటే ల్యాప్‌టాప్ తెరను, ఆ ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్సే మామూలుగా నడుపుతుంది. డ్రైవర్ వేసుకునేంతవరకు హాయిగా పనిచేసుకోవచ్చు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేని డెస్క్‌టాప్‌కు మాత్రం ఈ తేడా వర్తించదు.

*

తెరచాప:

విండోస్ సంగతికి ఎవరూ రాలేదు కాబట్టి నేను అందుకుంటాను.

విండోస్‌లో వేసిన డ్రైవర్ విండోస్ డిస్క్‌లోనే ఉంటుంది, లినక్స్‌కు అది కనిపించదు. అక్కడ అప్‌డేట్ అయిందని ఇక్కడ ఏదీ మారదు. రెండు సిస్టమ్‌ల మధ్య ఉమ్మడిగా ఉండేది ఫర్మ్‌వేర్ సెట్టింగ్ ఒక్కటే, తంటా అక్కడ వస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లకు విండోస్‌లో తయారీదారు ఇచ్చే కంట్రోల్ ప్రోగ్రామ్ ఉంటుంది. అందులో బ్యాటరీ ఆదా మోడ్ పెడితే కొన్ని మోడళ్లలో ఎన్విడియా కార్డుకు ఫర్మ్‌వేరే పవర్ తీసేస్తుంది. ఆ సెట్టింగ్ రీస్టార్ట్ తర్వాత కూడా అలాగే ఉంటుంది. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కొడితే కార్డు పేరే రాదు. పైన చెప్పిన "నో సచ్ డివైస్"కు ఇది ఒక మూలం. ఎన్ని డ్రైవర్లు మార్చినా లాభం లేదు, విండోస్‌లోకి వెళ్లి ఆ మోడ్ తీయాలి.

దీనికి తిరగబడ్డది ఇంకొకటి. ప్యానెల్‌ను ఏ కార్డుకు కలపాలో మార్చే మక్స్ స్విచ్ కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. విండోస్‌లో గేమ్‌ల కోసం దాన్ని ఎన్విడియా మాత్రమే అన్న స్థితిలో పెడితే, ల్యాప్‌టాప్ తెర నేరుగా ఎన్విడియాకు చేరుతుంది. అప్పుడు లినక్స్‌లో ఇంటెల్ డ్రైవర్ నిక్షేపంగా నడుస్తున్నా దానికి చూపించడానికి తెర లేదు. డ్రైవర్ సరిగ్గా ఎక్కేవరకు స్విచ్‌ను హైబ్రిడ్‌లో ఉంచండి.

విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది నిజమైన షట్‌డౌన్ కాదు, కెర్నల్ స్థితిని డిస్క్ మీద దాచి పడుకుంటుంది. అసలు హాని విండోస్ పార్టిషన్‌కు: లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. డ్రైవర్ పరీక్షలప్పుడు కూడా ప్రతి బూట్ శుభ్రంగా మొదలవ్వాలి కాబట్టి అది అడ్డే. విండోస్‌లో అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొడితే పోతుంది. దానితో హైబర్నేట్ కూడా పోతుందని గుర్తుంచుకోండి. హైబర్నేట్ కావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఒక్కదానికే టిక్ తీయవచ్చు. రీస్టార్ట్ ఎప్పుడూ పూర్తి రీస్టార్టే, దానికి ఈ బెడద లేదు.

హెచ్‌డీఎంఐ గురించి: ఇంటెల్, ఎన్విడియా రెండూ వీజీఏ కంట్రోలర్‌గా కనిపిస్తున్నాయన్నారు. బయటికి పోర్టులు లేని ఎన్విడియా కార్డు సాధారణంగా 3డీ కంట్రోలర్ అని కనిపిస్తుంది. కాబట్టి మీ హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్విడియాకే కలిపి ఉంటుందని చెప్పవచ్చు. మాడ్యూల్ ఎక్కేదాకా ఆ మానిటర్ కోసం కేబుల్ మార్చి లాభం లేదు. ఎక్కాక ఎల్‌ఎస్ -ఎల్ /సిస్/క్లాస్/డీఆర్ఎం కొడితే ఒక్కో పోర్టు ఏ కార్డు కిందిదో బాణం గుర్తు తర్వాత ఉండే దారిలో కనిపిస్తుంది. దారిలో 00:02.0 దగ్గరే ఆగితే ఇంటెల్‌ది, 01:00.0 కనిపిస్తే ఎన్విడియాది. ఈడీపీ అని ఉన్నది ల్యాప్‌టాప్ సొంత తెర.

*

పిక్సెల్‌పని:

ఈ చర్చ చదివి ఏఎండీ, ఇంటెల్ మాత్రమే ఉన్నవాళ్లు కూడా మోక్ వెంట పడకుండా ఒక మాట. ఆ డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి, సంతకం కూడా కెర్నల్‌తో పాటే. సైట్ నుంచి దించాల్సింది ఏమీ లేదు.

ఏఎండీలో తెర రాకపోతే సుడో డీమెసేజ్ ఫలితంలో ఏఎండీజీపీయూ అన్న చోట "డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2" ఉందేమో చూడండి. కమాండ్ పేరు డీ, ఎం, ఈ, ఎస్, జీ అయిదు అక్షరాలే. -2 అంటే ఆ ఫైల్ డిస్క్ మీద లేదని. కార్డు కొత్తది, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పాతది అయినప్పుడు ఇలా వస్తుంది. ప్యాకేజీ అప్‌డేట్ చేసి సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ కొట్టడం మరవకండి. కార్డు డ్రైవర్ డిస్క్ మౌంట్ కాకముందే ఎక్కే సందర్భాల్లో ఫైల్ ఈ కమాండ్ కట్టే బూట్ ఇమేజ్ లోపల ఉంటేనే దొరుకుతుంది.

ఇంటెల్‌లో తెర వస్తుంది గానీ మినుకుమినుకుమంటుంది, లేదా మౌస్ కదిపేదాకా బొమ్మ గడ్డకట్టినట్టు నిలిచిపోతుందంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్‌ను (బొమ్మ మారనప్పుడు బ్యాటరీ ఆదాకు ప్యానెల్ తానే దాన్ని నిలిపి చూపే పద్ధతిని) అనుమానించాలి. గ్రబ్ వరుసలో ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0 పెట్టి ఒక బూట్ చూడండి. ఏఎండీలో అదే లక్షణానికి ఏఎండీజీపీయూ.డీసీడీబగ్‌మాస్క్=0ఎక్స్10. బ్యాటరీ కొద్దిగా ఎక్కువ తాగుతుంది, కాబట్టి లక్షణం ఉంటేనే పెట్టండి. తర్వాతి కెర్నల్ వచ్చినప్పుడు తీసి చూడండి.

ఏ కార్డయినా గీసే పని నిజంగా కార్డు చేస్తోందో లేదో తెలియాలంటే మెసా-యుటిల్స్ ప్యాకేజీ వేసి జీఎల్ఎక్స్‌ఇన్ఫో -బీ కొట్టండి, ఇందులో బీ పెద్ద అక్షరం. రెండరర్ వరుసలో ఎల్ఎల్‌వీఎం‌పైప్ అని ఉంటే ప్రాసెసర్ గీస్తోంది. జంటబూట్ గారికి ఇప్పుడు అదే కనిపించాలి.

ఫెడోరా వాడేవాళ్లు ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి ఏకేమాడ్-ఎన్విడియా వేశాక వెంటనే రీస్టార్ట్ చేయకండి. మాడ్యూల్ వెనకాల కడుతూ ఉంటుంది, ఐదు నిమిషాల దాకా పట్టవచ్చు. మోడ్‌ఇన్ఫో -ఎఫ్ వెర్షన్ ఎన్విడియా కొడితే అంకె రావాలి, ఎర్రర్ వస్తే ఇంకా కట్టడం అవ్వలేదని. అక్కడ ఎఫ్ పెద్ద అక్షరం.

*

జంటబూట్:

కీ ఎన్‌రోల్ చేశాను. మోడ్‌ప్రోబ్ ఏమీ అనలేదు. గ్రబ్‌లో ఒక్క బూట్‌కు నోమోడ్‌సెట్ తీసి చూసి, తర్వాత ఫైల్లోనూ తీశాను. ఇంటెల్ కింద ఐ915, ఎన్విడియా కింద ఎన్విడియా "ఇన్ యూజ్"లో ఉన్నాయి. రిజల్యూషన్లు, బ్రైట్‌నెస్, హెచ్‌డీఎంఐ మానిటర్ అన్నీ వచ్చాయి. అందరికీ ధన్యవాదాలండీ.

ఒక్కటి మిగిలింది. బ్యాటరీ కోసం, ఏ కార్డు వాడాలో ఎంచే సుడో ప్రైమ్-సెలెక్ట్ ఇంటెల్ పెట్టి రీస్టార్ట్ చేస్తే మానిటర్ మళ్లీ మాయమైంది. బ్యాటరీ, మానిటర్ రెండూ కావాలంటే?

*

తెరచాప:

ప్రైమ్-సెలెక్ట్ ఇంటెల్ అంటే ఎన్విడియా మాడ్యూల్‌ను ఎక్కనివ్వకుండా కార్డును పడుకోబెట్టడమే. మీ హెచ్‌డీఎంఐ ఆ కార్డుదే కాబట్టి పోర్టు కూడా దానితో పాటే పోయింది. సుడో ప్రైమ్-సెలెక్ట్ ఆన్-డిమాండ్ పెట్టి రీస్టార్ట్ చేయండి. డెస్క్‌టాప్‌ను ఇంటెల్ గీస్తుంది, మానిటర్ పెట్టినప్పుడో, ఏదైనా ప్రోగ్రామ్ కోరినప్పుడో ఎన్విడియా లేస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050 ఆంపియర్ తరానిది, పని లేనప్పుడు తనంతట తాను పవర్ తీసేసుకోగలదు.

మానిటర్ రాకపోతే సుడో క్యాట్ /సిస్/మాడ్యూల్/ఎన్విడియా_డీఆర్ఎం/పారామీటర్స్/మోడ్‌సెట్ చూడండి. వై అని రావాలి. ఎన్ అని వస్తే గ్రబ్ వరుసలో ఎన్విడియా-డీఆర్ఎం.మోడ్‌సెట్=1 చేర్చాలి.

కార్డు నిజంగా పడుకుందో లేదో చూడటానికి మాత్రం ఎన్విడియా-ఎస్ఎంఐ వాడకండి. అది కార్డును లేపి మరీ అడుగుతుంది, మీకు ఎప్పుడు చూసినా మెలకువగానే కనిపిస్తుంది. మానిటర్ తీసి, అర నిమిషం ఆగి, క్యాట్ /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:01:00.0/పవర్/రన్‌టైమ్_స్టేటస్ కొట్టండి. సస్పెండెడ్ అని వస్తే బ్యాటరీ గురించి ఇక చూడక్కర్లేదు. యాక్టివ్ అనే ఉంటే ఏదో ప్రోగ్రామ్ కార్డును పట్టుకుని ఉంది, సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ /డెవ్/ఎన్విడియా* కొడితే దాని పేరు వస్తుంది.